చర్లపల్లికి వెళ్ళిన కళ్ళజోడు

చత్వారం గురించి రాస్తానని గత నెల వ్యాసం చివర మీకు మాట ఇచ్చాను. ఆ మాట నిలుపుకుంటున్నాను. అయితే ఈసారి విషయం కంటి దగ్గర మొదలై చాలా దూరం వెళుతుంది. ఓపికతో చదవవలసిందిగా మనవి.

చత్వారం వ్యాధి కాదు. 40 ఏళ్ళు దాటిన తరువాత కంటిలోని కటకం సాగే గుణాన్ని క్రమంగా కోల్పోతుంది. దగ్గరి వస్తువును స్పష్టంగా చూడాలంటే ఆ కటకం కొంత ఉబ్బాలి. గట్టిపడిన కటకం ఉబ్బదు. అందుచేత వార్తాపత్రికను చేయి చాచినంత దూరంలో పట్టుకొని చదువుతాము. చేయి చాలనప్పుడు కళ్ళజోడు కొనుక్కుంటాము. 45 ఏళ్ళ ప్రాంతంలో సాధారణంగా +1.00 నుంచి +1.50 వరకు, 60 వచ్చేసరికి +2.50 వరకు అద్దం అవసరమవుతుంది. కంటి వ్యాయామాలతో చత్వారం పోతుందని ప్రచారం చేసేవారిని నమ్మకండి. కొన్ని వందల రూపాయల అద్దాలతో తీరిపోయే కష్టం ఇది. కాకపోతే, అద్దాల దుకాణానికి నడిచి వెళ్ళగలిగిన వారికే ఇది చిన్న కష్టం.

2017లో, నేను ప్రభుత్వ సేవ నుంచి విరమించి కోదాడలో చిన్న క్లినిక్ నడుపుకుంటున్న రోజుల్లో, 60 దాటిన ఒక తల్లి రక్తపోటు చూపించుకోవడానికి వచ్చింది. చూపించుకోవడం అయిపోయిన తరువాత కొంగుముడి విప్పి నాలుగు మడతల కాగితం ఒకటి తీసింది.

"మావోడు ఉత్తరం రాసిండు సారూ. అద్దాలు కావాలంట. అచ్చరాలు ఆనుత లేవంట."

ఉత్తరం చక్కని చేతిరాతతో ఉంది. అమ్మ ఆరోగ్యం, బర్రె ఈనిందా లేదా, చెల్లెలి పిల్లల చదువు, ఈ వరుసలో అడగవలసినవన్నీ అడిగి, చివరన ఇలా ఉంది: తాను బి.ఏ. మొదటి సంవత్సరంలో చేరాననీ, పుస్తకాలు వచ్చాయనీ, అర పేజీ చదివేసరికి అక్షరాలు అలుక్కుపోతున్నాయనీ, కంటి శిబిరం ఎప్పుడు పెడతారో తెలియదనీ, ఎవరైనా డాక్టరును అడిగి అద్దాలు పంపగలవా అనీ. కింద పేరు, ఖైదీ సంఖ్య, కేంద్ర కారాగారం, చర్లపల్లి. వయసు ఎంతమ్మా అని అడిగాను. 43 అన్నది. ఊరి పేరు అడిగాను. చెప్పింది.

ఆ ఊరి పేరు వినగానే నా చేయి ఆగింది. మిర్యాలగూడకు ఇవతల, సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న ఊరు అది. 2009లో ఆ ఊళ్ళో నీటి వంతు దగ్గర మొదలైన మాటామాటా పెరిగి ఒక రైతు హతుడయ్యాడు. అతని శవపరీక్ష చేసినవాడిని నేనే. అప్పటికి అతనికి 30 ఏళ్ళయినా నిండలేదు. న్యాయస్థానంలో బోనెక్కి గాయం సంఖ్య 1, గాయం సంఖ్య 2 అంటూ సాక్ష్యం చెప్పినవాడినీ నేనే. 2012లో ముద్దాయికి యావజ్జీవ శిక్ష పడింది. ఆ ముద్దాయి రాసిన ఉత్తరం ఇప్పుడు నా బల్ల మీద ఉంది.

వైద్యుడు ఎన్నో శవపరీక్షలు చేస్తాడు. అన్నీ గుర్తుండవు. ఇది గుర్తుండడానికి కారణం గాయాలు కావు. పంచనామాలో, మృతుని చొక్కా జేబులో దొరికిన వస్తువుల పట్టికలో, ఎరువుల దుకాణం చీటీ తరువాత "బలపాల పెట్టె, ఒకటి" అని ఉంది. అతని కూతురికి అప్పుడు నాలుగేళ్ళు.

ఆ తల్లితో, చూద్దాంలెమ్మా అన్నాను. ఉత్తరాన్ని సొరుగులో, మందుల చీటీల పుస్తకం అడుగున పెట్టాను. రెండు వారాలు దాన్ని తీయలేదు. మరచిపోయానని చెప్పుకోవడం తేలిక, మరచిపోలేదు. చనిపోయినవాని కూతురు ఏం చదువుతోందో తెలియనప్పుడు, చంపినవాని చదువుకు అద్దాలు సమకూర్చడం నా పనా అని నాలో నేను తర్కించుకున్నాను. ఈ ప్రశ్న మీకూ కలుగుతూ ఉండవచ్చు. కలగడం తప్పు కాదు.

మూడవ వారం ఆమె మళ్ళీ వచ్చింది. రక్తపోటు 180/110. మాత్రలు వేసుకుంటున్నావా అంటే వేసుకుంటున్నా అన్నది. గుచ్చి గుచ్చి అడగగా అసలు సంగతి బయటపడింది. ములాఖత్‌కు వెళ్ళే రోజునా, దాని ముందురోజునా ఆమె మాత్రలు మానేస్తున్నది. నేను రాసిన మందులలో మూత్రాన్ని ఎక్కువ చేసే నీటి మాత్ర ఉంది. కోదాడ నుంచి హైదరాబాదుకు దాదాపు 180 కిలోమీటర్లు. మధ్యలో బస్సు ఆపమని ఎవరిని అడగగలదు? అడగలేక, నీటి మాత్ర ఏదో తెలియక, అన్ని మాత్రలూ మానేస్తున్నది. తప్పు ఆమెది కాదు. ఆమె ఎక్కడికి ప్రయాణం చేస్తున్నదో అడగని నాది. ఆ మాత్రను తీసేసి, వేరే రకం రాసి ఇచ్చాను. మీ ఇంట్లో నీటి మాత్ర వాడే పెద్దలుంటే, ప్రయాణాల రోజున ఏం చేస్తున్నారో ఒకసారి అడగండి. వైద్యునికి చెబితే మందు మార్చడమో, వేళ మార్చడమో చేస్తాడు. సొంతంగా మానడం ప్రమాదం.

వెళ్ళబోతూ ఆమె గుమ్మం దగ్గర నిలబడి అన్న మాట ఇది:

"అద్దాల సంగతి యాది జేస్తున్న అనుకోకు సారూ. పోయిన మూడేండ్ల సంది ఎప్పుడు బోయినా సచ్చిపోత అనేటోడు. గీ పుస్తకాలొచ్చినకాన్నుంచి ఆ మాట అంట లేడు."

అప్పుడు సొరుగు తెరిచాను. నేను న్యాయమూర్తిని కాను. చనిపోతానని మూడేళ్ళుగా అంటున్న మనిషి ఒకడున్నాడని ఒక తల్లి నాకు చెప్పింది. వినిన తరువాత వైద్యునికి ఇక తర్కం మిగలదు.

ఇక్కడ కొంచెం ఆగి కుంగుబాటు గురించి చెప్పాలి. 2012లో ప్రచురితమైన ఒక పెద్ద సమీక్షలో, అనేక దేశాల ఖైదీలపై జరిగిన అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, దాదాపు ప్రతి ఏడుగురిలో ఒకరికి తీవ్రమైన కుంగుబాటో, మతిభ్రమణమో ఉన్నట్లు తేలింది. బయటి సమాజంతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. ఎవరితోనూ మాట్లాడకపోవడం, తిండి మీద ధ్యాస పోవడం, తెల్లవారుజామునే మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టకపోవడం, తన వస్తువులు ఇతరులకు పంచిపెట్టడం, "నా కోసం ఇక రావద్దు" అని ఇంటివాళ్ళతో అనడం, ఇవన్నీ ప్రమాద సూచనలు. ములాఖత్‌లో ఇలాంటి మాట విన్న కుటుంబీకులు దాన్ని కన్నీళ్ళతో దిగమింగుకొని వచ్చేయకూడదు. ఆ రోజే కారాగార అధికారికో, అక్కడి వైద్యునికో చెప్పాలి. బయట ఉన్న మనం మన సొంత దిగులుకైనా, ఇంటివాళ్ళ దిగులుకైనా టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, రుసుము లేదు.

చదువు కుంగుబాటుకు మందు కాదు. తీవ్రమైన కుంగుబాటుకు మాత్రలే వాడాలి, మానసిక వైద్యుడే చూడాలి. అయితే కారాగారంలో రోజులకు తేడా ఉండదు. నిన్నటికీ రేపటికీ పోలిక తప్ప మరేమీ ఉండదు. పరీక్ష తేదీ అనేది ఆ రోజుల వరుసలో ఒక గుంజ పాతినట్లుంటుంది. ఇంకా 40 రోజులుంది, ఇంకా 20 రోజులుంది అని లెక్కపెట్టుకోవడానికి విడుదల కాని మరొక రోజు దొరుకుతుంది. యావజ్జీవ ఖైదీకి ఇది చిన్న విషయం కాదని నాకు ఆ ఉత్తరాలు చదివాకే అర్థమైంది.

అద్దాలు నేను ఊహించి పంపలేదు. వయసును బట్టి +1.50 సరిపోతుందని అంచనా వేయవచ్చు గాని, మధుమేహం ఉన్నదో లేదో, కంటి ఒత్తిడి ఎంతో చూడకుండా అద్దాలు అంటగట్టడం వైద్యం కాదు. కారాగార వైద్యునికి ఒక ఉత్తరం రాసి తల్లి చేతికిచ్చాను. ఆయన మర్యాదస్తుడు. నెల తిరగకుండా పరీక్ష చేయించి, +1.75 అని కాగితం మీద రాసి, ఏ రకం చట్రమైతే లోపలికి అనుమతిస్తారో కూడా తెలిపారు. కోదాడ బజారులో చేయించాము. ఆమె డబ్బు ఇవ్వబోతే వారించాను, ఒప్పుకోలేదు. సగం తీసుకున్నాను.

ఇక చదువు సంగతి. మన తెలుగు నేల మీద 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసింది. దేశంలో అదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి గారే తరువాత 1985లో ఢిల్లీలో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి ఉపకులపతి అయ్యారు. 1991లో మన విశ్వవిద్యాలయానికి డా. బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. పొలం పనివాడికి, బీడీలు చుట్టే తల్లికి, బస్సు కండక్టరుకు పట్టా అందించడానికి పుట్టిన ఆ ఏర్పాటు, కేంద్ర కారాగారాల గోడలు కూడా దాటింది. లోపలే అధ్యయన కేంద్రం, లోపలే పరీక్ష. కారాగారాలలో ఉన్నవారికి ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయం రుసుము లేకుండా ప్రవేశం ఇస్తుంది. పదవ తరగతి, ఇంటర్ లేనివారికి తెలంగాణ సార్వత్రిక పాఠశాల సంస్థ ఉంది.

అంబేద్కర్ విశ్వవిద్యాలయం తెలుగు పుస్తకాలను మీలో చాలామంది చూసి ఉంటారు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు వెతికి వెతికి కొనుక్కుంటారు. ప్రతి పాఠానికీ మొదట లక్ష్యాలు, చివర సారాంశం, నమూనా పరీక్ష ప్రశ్నలు ఉంటాయి. గురువు పక్కన లేనివాడికి గురువు ఎదుట కూర్చున్నట్లు రాసిన పుస్తకాలు అవి. తెలుగులో ఉండడమే వాటి అసలు బలం. 20 ఏళ్ళ క్రితం మిర్యాలగూడలో ఇంటర్ చదివి నాగలి పట్టినవాడు, మళ్ళీ ఈ వయసులో ఇంగ్లీషు పుస్తకం ఎదుట కూర్చుంటే మొదటి వారంలోనే మూసేసేవాడు.

చేరడం మాత్రం మనం అనుకున్నంత సులువు కాదు. లోపలివాడికి ఇంటర్ మార్కుల పత్రం కావాలి. అది ఇంట్లో ఏ పెట్టెలో ఉందో అతడు చెప్పలేడు. ఆ తల్లికి చదువు రాదు. టి.సి. ఏదో, మెమో ఏదో, బియ్యం కార్డు ఏదో తెలియక, ఒకసారి కాగితాలన్నీ సంచిలో వేసుకొని నా దగ్గరికి తెచ్చింది. రోగులు వెళ్ళిపోయిన తరువాత కూర్చుని వేరు చేశాము. ఒక పరీక్షప్పుడు ఒక కార్యాలయంలో తండ్రి పేరులో అక్షరం తప్పు పడింది. దాన్ని సరిదిద్దుకునేసరికి ఆ పరీక్ష దాటిపోయింది. బయట ఉన్న విద్యార్థి అయితే ఆ రోజే వెళ్ళి పోట్లాడేవాడు. ఇతడు ఉత్తరం రాసి, అది చేరి, దానికి జవాబు వచ్చేవరకు ఆగాలి. ఆ ఉత్తరంలో అతడు ఒక్క ఫిర్యాదు కూడా చేయలేదు. "ఈలోగా చరిత్ర మళ్ళీ మొదటి నుంచి చదువుతున్నాను" అని రాశాడు. ఆ తరువాత కోవిడ్ వచ్చింది. ములాఖత్‌లు ఆగిపోయాయి, పరీక్షలు వాయిదా పడ్డాయి. మూడేళ్ళ పట్టా అయిదేళ్ళు పట్టింది.

మా జిల్లా వాళ్ళకు జైలు చదువు కొత్త కాదు. నకిరేకల్ ప్రాంతపు వట్టికోట ఆళ్వారుస్వామి నిజాం కాలంలో ఖైదుపాలై, అక్కడ చూసిన మామూలు ఖైదీల బతుకులనే "జైలు లోపల" పేరుతో కథలుగా రాశారు. నిజామాబాదు జైలులో ఆయనతో పాటు ఉన్న దాశరథి కృష్ణమాచార్య గోడ మీద బొగ్గుతో పద్యాలు రాసిన సంగతి తెలంగాణలో అందరికీ తెలుసు. నెల్సన్ మండేలా చెరసాల నుంచే దూరవిద్య ద్వారా న్యాయశాస్త్రం చదివి, 1989లో ఇంకా ఖైదులో ఉండగానే పట్టా పొందారు. వీళ్ళను మనం నెత్తిన పెట్టుకుంటాము. వాళ్ళు ఏ నేరమూ చేయనివారు కదా, కొట్లాటలో మనిషిని చంపినవాడిని వాళ్ళ పక్కన ఎలా నిలబెడతావు అని మా మిత్రుడొకరు నన్ను నిలదీశారు. నిలబెట్టడం లేదు. అయితే ఆళ్వారుస్వామి లోపల చూసి కథలు రాసింది దొంగతనాలు చేసినవాళ్ళ గురించి, హత్యలు చేసినవాళ్ళ గురించి కూడానని ఆయనకు గుర్తు చేశాను.

చట్టం కూడా ఈ మాటే చెబుతుంది. విశాఖపట్నం కేంద్ర కారాగారంలోని ఖైదీలు వేసిన వ్యాజ్యంలో, శిక్ష పడినంత మాత్రాన మనిషికి ప్రాథమిక హక్కులన్నీ పోవని సుప్రీంకోర్టు 1974లోనే స్పష్టం చేసింది. అంతకు ముందు 1965లో, మహారాష్ట్రలో నిర్బంధంలో ఉన్న ఒక వ్యక్తి పరమాణువు గురించి మరాఠీలో రాసిన విజ్ఞాన గ్రంథాన్ని ప్రచురణకు బయటికి పంపుకోవచ్చని తీర్పు చెప్పింది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన, మండేలా పేరు పెట్టిన నియమాలలో ఖైదీల విద్య ఒక అధ్యాయంగానే ఉంది. బ్రెజిల్‌లో 2012 నుంచి ఒక పుస్తకం చదివి దాని మీద వ్యాసం రాస్తే శిక్షలో నాలుగు రోజులు తగ్గిస్తారు. ఏడాదికి 12 పుస్తకాల వరకు. అమెరికాలో రాండ్ సంస్థ 2013లో గత అధ్యయనాలన్నిటినీ కలిపి పరిశీలించి, లోపల చదువుకున్నవారు తిరిగి నేరం చేసి కారాగారానికి వచ్చే అవకాశం చదువుకోనివారి కంటే 43 శాతం తక్కువని లెక్క తేల్చింది. చదువుకోవాలనే పట్టుదల ఉన్నవాడు ఎలాగూ మారేవాడే కదా అనే సందేహం న్యాయమైనదే. అందుకనే ఆ అంకెను నేను పూర్తిగా చదువు ఖాతాలో వేయను. సగం వేసినా చాలా ఎక్కువే. 2023లో కడప కేంద్ర కారాగారంలోని ఒక యావజ్జీవ ఖైదీ మన అంబేద్కర్ విశ్వవిద్యాలయం నుంచి సోషియాలజీ ఎం.ఏ.లో బంగారు పతకం అందుకున్న వార్త మీరు పత్రికలలో చదివే ఉంటారు.

ఇంత చెప్పిన తరువాత నా తప్పు ఒకటి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

ఉద్యోగంలో ఉన్నప్పుడు సూర్యాపేట పరిసరాలలోని ఒక ఉప కారాగారానికి వైద్య పరీక్షల కోసం వెళ్ళేవాడిని. ఉప కారాగారాలలో ఉండేది ఎక్కువగా విచారణ ఖైదీలే, అంటే నేరం ఇంకా రుజువు కానివారు. మన దేశంలోని ఖైదీలందరిలో వీరే అధికం. 2022 గణాంకాల ప్రకారం 5,73,220 మందిలో 4,34,302 మంది, అంటే నూటికి 75 మందికి పైగా. ఒకరోజు వరుసలో నిలబడిన ఒక కుర్రవాడు, 20 ఏళ్ళుంటాయి, కడుపులో మంట అన్నాడు. నిద్ర పడుతుందా అంటే లేదన్నాడు. ఏం చేస్తావంటే డిగ్రీ రెండవ సంవత్సరం అన్నాడు. "సార్, పన్నెండో తారీకు నుంచి పరీక్షలు" అన్నాడు. నేను ఆమ్లానికి మాత్రలు రాసి, పుస్తకంలో "ఆరోగ్యంగా ఉన్నాడు" అని సంతకం చేసి బయటికి వచ్చాను. వాకిట్లో జీపు ఎదురుచూస్తోంది. ఆసుపత్రిలో రోగులు ఎదురుచూస్తున్నారు.

విచారణ ఖైదీ తన న్యాయవాది ద్వారా న్యాయస్థానాన్ని కోరితే, అనుమతి లభించి పోలీసు రక్షణతో వెళ్ళి పరీక్ష రాయవచ్చు. ఇటువంటి అనుమతులు ఇస్తూనే ఉంటారు. అప్పుడు ఆ సంగతి నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా నాకు తోచలేదు. కడుపు మంటకు కారణం అతడు తన నోటితోనే చెప్పాడు, నేను వినలేదు. ఆ కుర్రవాడి మీద కేసు తరువాత కొట్టివేశారట. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు దగ్గర లారీకి ధాన్యం బస్తాలు ఎత్తిస్తూ నాకు కనిపించాడు. నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. డిగ్రీ పూర్తయిందా అని అడిగాను. నవ్వి, "ఆడనే ఆగింది సార్" అన్నాడు.

మళ్ళీ మొదటి కథకు వస్తాను. 2022లో చర్లపల్లి నుంచి బి.ఏ. పూర్తయిందని ఉత్తరం వచ్చింది. ద్వితీయ శ్రేణి. తల్లి క్లినిక్‌లో ఉన్న అందరికీ కోవా పంచింది. కొడుకు ఏం చేస్తాడని ఎవరో అడిగితే, హైదరాబాదులో చదువుకుంటున్నాడని చెప్పింది. నేను తల వంచుకొని మందుల చీటీ రాశాను.

కోవా సంగతి ఊరు చేరింది. ఆ ఏడాది ఇంటర్ ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకు, పంచెకట్టు, చేతికర్రతో ఒక పెద్దాయన నా గదిలోకి వచ్చి కూర్చున్నాడు. ఏమిటి ఇబ్బంది అని అడిగాను. కొంతసేపు మాట్లాడలేదు.

"మీరే గదా సారూ, నా కొడుకును కోసి చూసింది."

అవునన్నాను.

"వాడు సదువుకుంటున్నడంట. మీరే అద్దాలు పంపిచ్చిండ్రంట. పంపిస్తే పంపిచ్చిండ్రు, దానికేం అనను. మా మనుమరాలు ఇంటర్ తప్పింది. ఫిజిక్సు, కెమిస్ట్రీ. ఆ పిల్లకెవరు ఏం పంపిచ్చిండ్రు సారూ?"

నా దగ్గర జవాబు లేదు. శవపరీక్ష చేశాను, సాక్ష్యం చెప్పాను, ఆ తరువాత 13 ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ ఇంటి సంగతి విచారించలేదు. ఖైదీకి సర్కారు ఉంది, కారాగార వైద్యుడున్నాడు, విశ్వవిద్యాలయం ఉంది, చివరికి నేనూ ఉన్నాను. ఆ పిల్లకు ఒక తాత ఉన్నాడు, ఒక కుట్టుమిషను తల్లి ఉంది. ఖైదీల చదువును కోరే మాలాంటివాళ్ళు సాధారణంగా ఈ రెండో ఇంటి గురించి రాయరు. నేనూ రాసి ఉండేవాడిని కాదు, ఆ పెద్దాయన వచ్చి కూర్చోకపోతే.

ఆయన చేయి చూశాను. చక్కెర పరీక్ష చేస్తే పరగడుపున 240. ఏళ్ళ తరబడి ఉన్నట్లుంది, ఎవరూ చూడలేదు. మందులు రాశాను. మనుమరాలిని తీసుకురమ్మన్నాను. నాలుగు రోజుల తరువాత తీసుకొచ్చాడు. పిల్ల నా వైపు చూడకుండా గోడ మీది గుండె బొమ్మ చూస్తూ కూర్చుంది. కోదాడలో నాకు తెలిసిన ఒక విశ్రాంత లెక్చరరు సాయంత్రాలు రసాయన శాస్త్రం చెప్పడానికి ఒప్పుకున్నారు. భౌతిక శాస్త్రానికి ఆయనే మరొకరిని కుదిర్చారు. బస్సు ఖర్చు నేను పెట్టుకున్నాను. సప్లిమెంటరీలో కెమిస్ట్రీ గట్టెక్కింది. ఫిజిక్సు మరుసటి ఏడాది. ఇప్పుడు సూర్యాపేటలో నర్సింగు చదువుతోంది. నేను చేసినది చాలా ఆలస్యంగా చేసిన చిన్న పని. దానికి మెప్పు ఆశించి రాయడం లేదు.

ఒక విషయంలో మాత్రం నేను సంకోచించాను. ఖైదీ తల్లీ, ఈ పెద్దాయనా ఒకేరోజు క్లినిక్‌కు రాకుండా చూడమని నా సహాయకుడికి చెప్పాను. ఆమెకు సోమవారం, ఆయనకు గురువారం. సరైన పనో కాదో ఇప్పటికీ తెలియదు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి క్షమాపణలు చెప్పించాలని మా మిత్రులు కొందరు ఉత్సాహపడ్డారు. అది నా అధికారం కాదు. పుండు మీద కట్టు విప్పవలసిన రోజు ఎప్పుడో పుండు ఉన్నవాడే చెప్పాలి.

ఇది చదువుతున్న వారిలో, బంధువులలో ఎవరైనా లోపల ఉన్న కుటుంబాలు ఉండవచ్చు. సిగ్గుతో బయటికి చెప్పుకోరు, నాకు తెలుసు. మీకు కొన్ని మాటలు. మీవాడి పదవ తరగతి, ఇంటర్ మెమోలు, టి.సి., ఆధార్ నకళ్ళు ఒక కవరులో విడిగా భద్రపరచండి. పేర్లలో అక్షరాలు అన్నిటిలో ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. చేరికకు దరఖాస్తు కారాగార సూపరింటెండెంటు ద్వారా వెళుతుంది గనుక, ములాఖత్‌లో ముందుగా సంక్షేమ అధికారిని అడగండి. విచారణ ఖైదీ విద్యార్థి అయితే పరీక్ష తేదీకి చాలా ముందుగానే న్యాయవాదికి చెప్పండి. ముందురోజు చెబితే ఎవరూ ఏమీ చేయలేరు. 40 దాటినవాడైతే కంటి పరీక్ష అడిగించండి. మధుమేహం ఉంటే అద్దాలతో ఆగకుండా రెటీనా పరీక్ష కూడా. సాయంత్రం బ్యారకు మూసిన తరువాత రాత్రంతా దీపం వెలుగుతూనే ఉంటుంది కనుక, చదువు పేరుతో నిద్ర మానవద్దని ఉత్తరంలో రాయండి. ముఖం మీద చిన్న గుడ్డ కప్పుకొని అయినా ఆరేడు గంటలు పడుకోవాలి. దగ్గు రెండు వారాలు దాటితే క్షయ పరీక్ష అడగమని చెప్పండి. కిక్కిరిసిన గదులలో అది త్వరగా పాకుతుంది. చదివితే త్వరగా వదిలేస్తారని మాత్రం ఆశ పెట్టకండి. ఆ తల్లి నన్ను అలాగే అడిగింది. హత్యానేరంలో యావజ్జీవ శిక్ష పడినవారు కనీసం 14 ఏళ్ళు కారాగారంలో గడపకుండా విడుదలకు అర్హులు కారని చట్టంలో ఉన్నది ఉన్నట్లే చెప్పాను. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకొంది. ఆ పూట రక్తపోటు చూడలేదు. చూసి ప్రయోజనం ఉండదనిపించింది.

ఖైదీలతో ఏ బంధుత్వమూ లేనివారు పాత పుస్తకాలు సంచిలో నింపి కారాగారం గేటు దగ్గరికి వెళ్ళకండి. ఏ కోర్సుకు, ఏ సంవత్సరానికి ఏ పుస్తకం కావాలో ముందుగా ఉత్తరం ద్వారా అడిగి, కార్యాలయం ఒప్పుకున్నవే ఇవ్వండి. నేను మొదట ఉత్సాహంతో పంపిన పుస్తకాలలో సగం పాత సిలబస్‌వి. పాపం అతడు వాటినీ చదివాడట.

గత సోమవారం ఆమె వచ్చింది. 138/84. కొడుకు ఇప్పుడు ఎం.ఏ. చరిత్ర మొదటి సంవత్సరం. పాత అద్దాలతో మళ్ళీ అక్షరాలు ఆనడం లేదని రాశాడు. లోపలి వైద్యుడు +2.25 అని కాగితం ఇచ్చారు. 50 ఏళ్ళ వయసుకు అది ఉండవలసిందే, కంగారు పడనక్కరలేదని చెప్పాను. గురువారం పెద్దాయన వచ్చాడు. మనుమరాలు హాస్టలు నుంచి ఫోను చేసి, ఇన్సులిను సూది ఎక్కడ పొడవాలో తాతకు తానే చెప్పిందట. పొట్ట మీద చోటు మార్చి మార్చి పొడవమన్నదట. సరిగానే చెప్పింది. అద్దాల మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

అద్దాలు బుధవారానికి తయారవుతాయి. వచ్చే నెల శుక్లాల గురించి రాస్తాను.